వేటకు విదేశం వెళ్తున్నారా? తుపాకీ సర్దే ముందు కాగితాలు సర్దండి

[తెరపై: రైఫిల్ రిసీవర్ (మధ్యలోని ప్రధాన భాగం) మీద చెక్కిన సీరియల్ నంబర్, బాగా దగ్గరగా]

ఈ నంబర్ చూడండి. నాలుగో స్థానంలో ఉన్నది సున్నానా, ‘ఓ’ అక్షరమా? పర్మిట్ మీద ఒకటి, ఇనుము మీద ఇంకొకటి ఉంటే కస్టమ్స్ అధికారి తుపాకీ మీ చేతికివ్వడు. లైసెన్స్ చూసి ఎక్కించుకోకండి. టార్చ్ వేసి తుపాకీ మీదున్నదే రాసుకోండి.

మీ దేశపు లైసెన్స్ సరిహద్దు దాటాక పనికొచ్చేది తుపాకీ మీదేనని చూపించడానికి మాత్రమే. లోపలికి తెచ్చుకోనివ్వాలా వద్దా అన్నది అక్కడి చట్టం ఇష్టం. ఇంకో సంగతి, తుపాకీ పర్మిట్ వేరు, వేట లైసెన్స్ వేరు. ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టు కాదు.

[తెరపై: దక్షిణాఫ్రికా, ఎస్‌ఏపీఎస్ 520 ఫారం]

దక్షిణాఫ్రికాలో దిగగానే పోలీసులు అడిగేది ఈ ఫారం. నల్ల ఇంకుతోనే నింపాలి. సంతకం మాత్రం ఇంట్లో పెట్టకండి, అధికారి ఎదుటే పెట్టాలి. వేట నిర్వాహకుడి ఆహ్వాన పత్రం, తుపాకీ మీదేనన్న రుజువు జతచేయాలి. ఒక్కో తుపాకీకి 200 తూటాల దాకా తీసుకెళ్లొచ్చు, అవీ ఆ తుపాకీ కాలిబర్‌వే, అంటే దాని గొట్టం కొలతకు సరిపోయేవే అయ్యుండాలి. పేల్చిన ప్రతిసారీ తర్వాతి తూటా దానంతటదే ఎక్కే సెమీ ఆటోమేటిక్ రైఫిల్ అయితే ఇంట్లోనే వదిలేయండి.

కెనడాలోనూ సంతకం తిరకాసే. బయటి దేశస్థులు తుపాకీ వివరాలు ప్రకటించే నాన్‌రెసిడెంట్ డిక్లరేషన్ ఫారం మూడు కాపీలు నింపుకెళ్లి, సరిహద్దు అధికారి ముందు సంతకం చేయాలి. ఫీజు 25 కెనడా డాలర్లు, చెల్లుబాటు 60 రోజులు.

[తెరపై: అమెరికా. ముందు వేట లైసెన్స్, తర్వాత ఫారం]

అమెరికాలో చాలామంది తడబడేది వరుస దగ్గర. పర్యాటక వీసా లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసాతో వెళ్లేవాళ్లు తుపాకీ పట్టుకోవడమే అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దానికున్న మినహాయింపుల్లో వేటగాళ్లకు పనికొచ్చేది, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్స్. కాబట్టి ముందు ఆ లైసెన్స్ కొనాలి, దాని కాపీ జతచేసి, తుపాకీ తెచ్చుకునే అనుమతి కోసం ఏటీఎఫ్‌కు (తుపాకుల వ్యవహారాలు చూసే ఫెడరల్ సంస్థ) ఫారం 6 ఎన్‌ఐఏ పంపాలి. అనుమతికి వారాలు పడుతుంది. ఈలోగా లైసెన్స్ గడువు తీరితే కొత్తది తీసుకుని చేతిలో పెట్టుకోండి.

విమానం సంగతి. ఖాళీ చేసిన తుపాకీ, తాళం వేసిన గట్టి పెట్టె, చెక్‌ఇన్ లగేజీ. తూటాలు ప్యాకింగ్‌తో కలిపి మనిషికి 5 కిలోలు. ఇద్దరి తూటాలు ఒకే పెట్టెలో కుదరవు. ఎయిర్‌లైన్‌కు ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. షూటింగ్‌కు వాడే బ్యాగునే చేతి సంచిగా తీసుకెళ్లకండి. కుట్టు మడతలో ఇరుక్కున్న ఒక్క తూటా చాలు, స్కానర్ దగ్గర ప్రయాణం ఆగిపోవడానికి.

మధ్యలో విమానం మారుతున్నారా? లగేజీ తీసుకుని మళ్లీ చెక్‌ఇన్ చేయాల్సి వస్తే, ఆ దేశంలోకి కూడా తుపాకీ తెచ్చినట్టే. లగేజీ నేరుగా వెళ్లిపోయినా ట్రాన్సిట్ పర్మిట్ అడిగే దేశాలున్నాయి. కాస్త ఖరీదైనా నేరుగా వెళ్లే విమానమే మేలు.

తూటా లోహం మీదా చట్టాలున్నాయి. యూరోపియన్ యూనియన్‌లో చిత్తడి నేలల్లో, వాటికి 100 మీటర్ల లోపు, సీసం గుళ్లున్న షాట్‌గన్ తూటాలు 2023 ఫిబ్రవరి 15 నుంచి నిషేధం. కాలిఫోర్నియాలో 2019 జూలై నుంచి ఏ వేటకైనా సీసం కుదరదు.

[తెరపై: చిరుత చర్మం, పక్కన రెండు పర్మిట్లు]

తల, చర్మం తెచ్చుకోవాలంటే మళ్లీ వేరే కాగితాలు. చిరుత సైటీస్ (అరుదైన జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలో, అంటే అన్నిటికన్నా కఠిన నియమాలున్న జాబితాలో ఉంది. వేటాడిన దేశం నుంచి ఎగుమతి పర్మిట్, మీ దేశం నుంచి దిగుమతి పర్మిట్ రెండూ కావాలి, దిగుమతిదే ముందు. వేటాడిన దేశం చట్టం తప్పి చంపిన జంతువును అమెరికాకు తెస్తే లేసీ చట్టం కింద అమెరికాలోనూ కేసే.

తిరిగొచ్చేటప్పుడు మీ తుపాకీయే కొత్త దిగుమతిలా కనిపించకుండా, బయల్దేరేముందే మీ కస్టమ్స్‌లో నమోదు చేయించండి. అమెరికా నివాసులకైతే అది ఫారం 4457. అధికారి సీరియల్ నంబర్ చూసి ముద్ర వేస్తాడు. ఆ ఫారం మూలలో చిన్నగా ఒక గడువు తేదీ ముద్రించి ఉంటుంది. అది ఫారం నమూనాకు సంబంధించింది, మీ నమోదుకు కాదు. కానీ దక్షిణాఫ్రికా పోలీసులు దాన్ని చూసి ‘గడువు తీరింది’ అన్న సందర్భాలున్నాయి. తాజా తేదీ ఉన్న ఫారం మీదే ముద్ర వేయించుకోండి.