తలుపు దగ్గర ఆగిపోకండి

(హనుమకొండలోని ఒక డిగ్రీ కాలేజీలో మొదటి సంవత్సరం విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

ప్రిన్సిపల్ గారికి, తోటి అధ్యాపకులకు నమస్కారం. బిడ్డలారా, పరకాల నుంచి, నర్సంపేట నుంచి, ములుగు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినోళ్లు ఒకసారి చేతులెత్తండి. సగం మందికి పైనే ఉన్నారు. మంచిది, దించండి. ఈ మాటలు ముందుగా మీకోసమే.

పోయిన ఏడాది డిసెంబర్‌లో ఒకరోజు రెండో పీరియడ్ ముగించి బయటికొస్తుంటే, వరండాలో స్తంభం పక్కన ఒక పిల్లగాడు నిలబడి ఉన్నాడు. సంచి భుజానికే ఉంది. "ఎందుకు బిడ్డా ఇక్కడ నిలబడ్డవ్?" అంటే, "లోపలికి రావాల్నా వద్దా అని సూస్తున్న సార్" అన్నాడు. ఎన్ని రోజులైంది రాక అని అడిగితే ఇరవై ఏడన్నాడు. ఏమైందంటే నోటితో చెప్పలేదు, చేతులు చాపాడు. వేళ్ల కొసల నిండా సన్నటి గీతలు. ఎండిన పత్తికాయ మొనలు గీరుకున్న గీతలు. పత్తి ఏరే ఇంట్లో పుట్టినోళ్లకు అవి చెప్పనక్కర్లేదు. కూలోళ్లు దొరకలేదట. అమ్మ, తను, చెల్లె కలిసి చేనంతా ఏరారట.

"ఇరవై ఏడు రోజులూ పత్తేనా?" అని అడిగాను. తల దించుకున్నాడు. "పదకొండు రోజులు పత్తి సార్. తర్వాత రానీకి భయమైంది. అందరి ముందల అడుగుతరని."

ఆ మిగతా పదహారు రోజులు ఎక్కడున్నాడో తెలుసా? రోజూ బస్సెక్కాడు. బస్టాండులో దిగాడు. వేయిస్తంభాల గుడి దగ్గర పచ్చికలో కూర్చున్నాడు. అమ్మ కట్టిచ్చిన డబ్బా అక్కడే తిన్నాడు. సాయంత్రం బస్సుకు ఇంటికి పోయాడు. డబ్బా ఖాళీగా వస్తోంది కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. ఆ పిల్లగాడికి చదువంటే ఇష్టం లేక కాదు. ఇష్టం లేనోడు రోజూ బస్సెందుకెక్కుతాడు?

ఈ సంగతి విన్నరోజు నుంచి నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి. పాఠం చెప్పుకుంటూ ఇన్నేళ్లు గడిపాను. రాని రోజుల లెక్క రాసుకున్నాను కానీ, తిరిగి రావడం ఎంత కష్టమో ఒక్కసారీ ఆలోచించలేదు. పదకొండు రోజులు పత్తి తీసుకుంటే పదహారు రోజులు భయం తీసుకుంది. పన్నెండో రోజున వచ్చి ఉంటే ఆ పిల్లగాడు హాజరు గీత దాటి క్షేమంగా ఉండేవాడు. అందుకే ఈరోజు "కాలేజీకి రోజూ రండి" అని నేను చెప్పను. అది మీకు ఎట్లాగూ తెలుసు. రాలేని రోజులు వస్తాయి. వచ్చినప్పుడు ఏం చేయాలన్నదే చెప్తాను.

ముందు లెక్క చూద్దాం. యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ నిబంధన ప్రకారం ఏడాదికి కనీసం 180 రోజులు పాఠాలు జరగాలి. అంటే సెమిస్టర్‌కు 90. హాజరు గీత 75 శాతం దగ్గరుంది. 90లో 22 రోజులు పోయినా గండం లేదు, 23వ రోజు పోతే షార్టేజ్, అంటే హాజరు చాలనట్టు. జేఎన్‌టీయూ పరిధిలోని ఇంజినీరింగ్ కాలేజీల్లోనైతే 65కూ 75కూ మధ్య ఉన్నవాళ్లు సరైన కారణం చూపి, ఫీజు కట్టి కండొనేషన్, అంటే తగ్గిన హాజరుకు మినహాయింపు, అడగొచ్చు. 65 కంటే తగ్గితే డిటెయినే, జూనియర్లతో మళ్లీ ఆ సెమిస్టర్ చదవాలి. మీ ఫీజు రీయింబర్స్‌మెంట్‌కూ ఈ 75 శాతమే ఆధారం. అది ఆగితే ఆ బరువు ఎవరి మీద పడుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఈ శాతాలు మనల్ని మోసం చేస్తాయి, జాగ్రత్తగా వినండి. సెమిస్టర్‌లో 45 రోజులు గడిచాయి, ఒకమ్మాయి 24 రోజులే వచ్చింది. శాతం 53. చూస్తే గుండె జారుతుంది. కానీ మిగిలిన 45 రోజులూ వస్తే మొత్తం 69 అవుతాయి, 76 శాతం దాటుతుంది. ఇంకొకబ్బాయి ఉన్నాడు. 60 రోజులు గడిచేసరికి 36 వచ్చాడు. శాతం 60, ఆ అమ్మాయి కంటే మెరుగ్గానే కనిపిస్తాడు. మిగిలిన 30 రోజులూ ఒక్కటి తప్పకుండా వచ్చినా మొత్తం 66, అంటే 73 శాతమే. 53 ఉన్నామె గట్టెక్కింది, 60 ఉన్నాయన ఎక్కలేదు. తేడా అంతా ఎప్పుడు మేల్కొన్నారన్న దాంట్లోనే ఉంది.

ఇంకో సంగతి. అన్ని రోజులూ ఒక్కటి కావు. ల్యాబ్ వారానికి ఒకటే. సెమిస్టర్ మొత్తం మీద పదిహేను. మీ ల్యాబ్ మంగళవారం అనుకోండి, నాలుగు మంగళవారాలు పోతే ఆ సబ్జెక్టులో 73 శాతానికి పడిపోతారు. థియరీ అయితే తోటోళ్ల నోట్స్ చూసి చదువుకోవచ్చు. కెమిస్ట్రీ ల్యాబ్‌లో టైట్రేషన్ నోట్స్ చూసి రాదు, బ్యూరెట్ అనే ఆ గాజు గొట్టం చేత్తో పట్టుకోవాల్సిందే. కాబట్టి తిరిగి వచ్చిన రోజు మొదట ల్యాబ్ ఇన్‌చార్జి దగ్గరికి పోండి. పోయిన ప్రయోగాలు వేరే బ్యాచ్‌తో చేసే వీలుందా అని అడగండి. తర్వాత మిడ్ సంగతి, అంటే సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష: మళ్లీ పెట్టే అవకాశం కొన్ని చోట్ల ఉంటుంది, కొన్ని చోట్ల ఉండదు. ఎగ్జామినేషన్ బ్రాంచిలో ఆ వారమే కనుక్కోవాలి. అసైన్‌మెంట్లు ఆ తర్వాత చూసుకోవచ్చు. నోట్స్ అన్నిటికంటే చివర.

మీరు సరిగ్గా దీన్ని తలకిందులు చేస్తారు. వచ్చీ రాగానే దోస్తు నోట్స్‌ను రెండు వందల ఫొటోలు తీసి ఫోన్‌లో పెట్టుకుంటారు, పని అయిపోయిందనుకుంటారు. ఆ ఫొటోలు పరీక్ష ముందు రాత్రి దాకా తెరవరు. దాని బదులు దోస్తును క్యాంటీన్‌లో గంటసేపు కూర్చోబెట్టి, "ఈ పది రోజుల్లో సార్ ఏం చెప్పిండో నాకు నీ మాటల్లో చెప్పు" అని అడగండి. చెప్పేటోళ్లకూ ఒకసారి చదివినట్టవుతుంది.

మామూలుగా ఎందుకు పోతాయి రోజులు? పత్తి, మిర్చి పనులు. వానాకాలం జ్వరాలు. ఇంట్లో పెద్దోళ్లను వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి తీసుకొస్తే దగ్గర ఉండేది ఎక్కువసార్లు మీరే, ఎందుకంటే ఇంట్లో చీటీ చదివేది మీరే. ఇక ఎవరి చేతిలోనూ లేనివి ఉంటాయి. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచెత్తింది, జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. ఆ వారం ఆ దిక్కు పిల్లలను "ఎందుకు రాలేదు" అని ఎవరు అడుగుతారు? పుస్తకాలే కొట్టుకుపోయిన ఇళ్లు అవి. మేడారం అట్లా కాదు. రెండేళ్లకోసారి మాఘమాసంలో జాతర, తేదీలు ముందే తెలుస్తాయి. పోండి, తల్లులకు మొక్కుకోండి. కానీ పోయేముందు ఆ వారం ఏ ల్యాబ్ ఉందో చూసుకుని చెప్పి పోండి.

చెప్పడం అంటే ఏం చెప్పాలో కూడా మీకు తెలియదని నాకు అర్థమైంది. మీలో చాలామంది ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి. అడిగి తెలుసుకుందామంటే ఇంట్లో ఎవరూ లేరు. ఇట్లా మెసేజ్ పెట్టండి, రాసుకోండి: "నమస్తే మేడమ్. నేను బీఎస్సీ ఫస్టియర్, రోల్ నంబర్ 37. నాన్నకు జ్వరమొస్తే ఎంజీఎంలో చేర్పించినం. నేను దగ్గర ఉండాలి, సోమవారం దాకా రాలేను. మంగళవారం నుంచి వస్తా. శనివారం ల్యాబ్ పోతుంది, వేరే బ్యాచ్‌తో చేయొచ్చా?" అంతే. ఎందుకు, ఎన్ని రోజులు, ఎప్పుడొస్తారు, ఏం పోతుంది. సంజాయిషీలు అక్కర్లేదు, బతిమాలడం అసలే వద్దు. ఆస్పత్రి చీటీ, డిశ్చార్జి కాయితం తేదీ కనబడేట్టు ఫొటో తీసి ఉంచుకోండి.

డబ్బులిచ్చి దొంగ మెడికల్ సర్టిఫికెట్ తెచ్చుకోవద్దు. ఇది నేను గట్టిగానే చెప్తున్నాను. ఆ పిల్లగాడికీ ఎవరో అదే సలహా ఇచ్చారు. నేను వద్దన్నాను. కండొనేషన్ దరఖాస్తులో పత్తి గురించి రాశాడు, భయం గురించి కూడా రాశాడు. 90లో 63 రోజులు, సరిగ్గా 70 శాతం. ప్రిన్సిపల్ గారు దరఖాస్తు రెండుసార్లు చదివి సంతకం పెట్టారు. ఫీజు కట్టి పరీక్ష రాశాడు.

ఆడపిల్లలకు ఒక మాట. 2021 డిసెంబర్‌లో యూజీసీ యూనివర్సిటీలన్నిటికీ లేఖ రాసింది, విద్యార్థినులకు ప్రసూతి సెలవు, హాజరులో సడలింపు ఇచ్చేలా నియమాలు చేసుకోవాలని. పెళ్లయింది, కడుపుతో ఉన్నాను, ఇక చదువు ఆగినట్టే అని మీరే తీర్మానించుకోవద్దు. వచ్చి అడగండి. నన్ను అడగడానికి ఇబ్బందైతే ఇక్కడ కూర్చున్న మేడమ్‌లున్నారు.

తోటి అధ్యాపకులతో కూడా ఒక్కటి విన్నవించుకుంటాను. చాలా రోజుల తర్వాత ఒక బిడ్డ తలుపు దగ్గర కనిపిస్తే, "ఇప్పటికి గుర్తొచ్చిందా?" అని అందరి ముందూ అడగొద్దు. "రా, కూర్చో" అందాం. కారణం క్లాసయ్యాక గదిలో అడుగుదాం.

సరే, ఇప్పుడు నోట్‌బుక్ వెనక పేజీ తీయండి. నా మాటలు మర్చిపోయినా ఆ పేజీ మీ దగ్గరుంటుంది. పైన 22 అని పెద్దగా రాయండి. రాని ప్రతి రోజుకూ ఒకటి తగ్గించుకుంటూ పోవాలి. దాని కింద మీ ల్యాబ్ రోజు. దాని కింద మీ క్లాస్ టీచర్ పేరు, ఫోన్ నంబర్, నేను బోర్డు మీద రాస్తున్నాను. ఫోన్ చేయడానికి మొహమాటమయ్యేవాళ్లు గది నంబర్ రాసుకోండి. చివరి బెంచీ, మీకు బోర్డు కనిపిస్తోందా? లేకపోతే ముందుకు రండి, ఇక్కడ జాగా ఉంది.