వద్దన్నవాటితో కట్టిన ఆల్బం

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌కి పోకుండా ఈ మేడ మీది హాలుకి వచ్చారంటే మీకు పాటల పిచ్చయినా ఉండాలి, ఇంట్లో కరెంటయినా పోయి ఉండాలి. ఏదైనా నాకు సంతోషమే.

ఈ సభ పెట్టిన కుర్రాళ్లంతా మన ఊరి బ్యాండ్ల వాళ్లు. కొందరు త్వరలో మొదటి ఆల్బం రికార్డు చేయబోతున్నారు. "ఏదో ఒక బ్యాండు చేసిన మొట్టమొదటి ఆల్బం, మీకు నచ్చింది తీసుకుని మాట్లాడండి సార్, మాకు పనికొచ్చేట్టు ఉండాలి" అన్నారు. రికార్డింగ్ గదిలో కూర్చుని బతికేవాణ్ణి, నాకు ఉపన్యాసాలు రావు. అయితే ఈ ఆల్బం గురించి అడిగితే చెబుతాను, అడక్కపోయినా చెబుతాను. మా ఇంట్లోవాళ్లకి తెలుసు ఆ బాధ.

ఆల్బం పేరు 'మర్మర్'. ఆర్.ఇ.ఎం. అనే అమెరికా రాక్ బ్యాండు మొదటి ఆల్బం. 1983 ఏప్రిల్‌లో వచ్చింది. పాడేది మైకేల్ స్టైప్, గిటార్ పీటర్ బక్, బేస్ గిటార్ మైక్ మిల్స్, డ్రమ్స్ బిల్ బెర్రీ. అమెరికాలో జార్జియా రాష్ట్రంలో ఏథెన్స్ అనే ఊరు వాళ్లది. యూనివర్సిటీ ఉంది కాబట్టి ఊరుంది అనిపించే రకం ఊరు. ఒకప్పుడు వాల్తేరు అప్‌లాండ్స్ కూడా అంతేనని పెద్దవాళ్లు చెబుతుంటారు. బక్ అక్కడ రికార్డుల షాపులో పనిచేసేవాడు, స్టైప్ రికార్డులు కొనడానికి వచ్చేవాడు. అలా కలిశారు. 1980 ఏప్రిల్ 5న ఒక స్నేహితురాలి పుట్టినరోజుకి, పాతబడిన చర్చిలో నలుగురూ కలిసి మొదటిసారి జనం ముందు వాయించారు.

ఇలాంటి సంగీతానికి అప్పటికి ఆల్టర్నేటివ్ రాక్ అనే మాట ఇంత చలామణీలో లేదు. కాలేజ్ రాక్ అనేవారు. అమెరికాలో యూనివర్సిటీలకి సొంత రేడియో స్టేషన్లుండేవి, విద్యార్థులే నడిపేవారు. పెద్ద స్టేషన్లు వేయని పాటలు అక్కడ వేసేవారు. ఆర్.ఇ.ఎం. వాళ్లు వ్యాన్‌లో ఊరూరూ తిరిగి చిన్న చిన్న క్లబ్బుల్లో వాయించడం, ఆ ఊళ్ల కాలేజీ రేడియోలో వీళ్ల పాట మోగడం. ప్రచారమంటే అదే.

ఇక అసలు సంగతికి వస్తాను. మొదటి ఆల్బం నాటికి ఏ బ్యాండుకైనా తాము ఏమిటో సరిగ్గా తెలీదు. తాము ఏం కామో మాత్రం కొంచెం కొంచెంగా తెలుస్తూ ఉంటుంది. 'మర్మర్' నాకు ఇంత నచ్చడానికి కారణం, ఆ నలుగురూ దేన్ని వద్దన్నారో అది ప్రతి పాటలోనూ తెలిసిపోతుంది. గిటార్ సోలోలు వద్దన్నారు. ఆ రోజుల్లో అందరూ ఎగబడి వాడుతున్న సింథసైజర్లు, అంటే కరెంటుతో కృత్రిమ ధ్వనులు పుట్టించే కీబోర్డులు, వద్దన్నారు. ఇవి చిన్నవి. అన్నిటికంటే కష్టమైన 'వద్దు' ఇంకొకటుంది.

వాళ్ల కంపెనీ ఐ.ఆర్.ఎస్. రికార్డ్స్ 1982 చివర్లో స్టీఫెన్ హేగ్ అనే ప్రొడ్యూసర్‌తో ఒక పాట చేయించి చూసింది. పాట పేరు 'క్యాటపుల్ట్'. హేగ్‌కి అన్నీ కొలత ప్రకారం ఉండాలి. డ్రమ్మర్ బెర్రీ చెవుల్లో క్లిక్ పెట్టి, టేక్ మీద టేక్ వాయించమన్నాడు. ఇక్కడున్న డ్రమ్మర్లకి చెప్పక్కర్లేదు గానీ మిగతావాళ్ల కోసం చెబుతాను. హెడ్‌ఫోన్‌లో టిక్, టిక్, టిక్ అని ఒక మెషీన్ కొడుతూ ఉంటుంది. దానికి వెంట్రుకవాసి తేడా లేకుండా వాయించాలి. నాలుగో టేక్‌కి మనిషి మోచెయ్యి బిగుసుకుంటుంది. పదో టేక్‌కి బీటు కరెక్టుగా వస్తుంది, కానీ ఆ వాయించే మనిషి అందులో ఉండడు. బెర్రీ విసిగిపోయాడు. ఆ తర్వాత హేగ్ ఆ టేపు పట్టుకెళ్లి, వీళ్లని అడక్కుండా దాని మీద కీబోర్డులు కలిపి తెచ్చాడు. బ్యాండుకి మండిపోయింది.

హేగ్ పనితనం తెలియనివాడేం కాదు. తర్వాత పెట్ షాప్ బాయ్స్‌కీ న్యూ ఆర్డర్‌కీ బ్రహ్మాండమైన రికార్డులు చేశాడు. ఆ చెయ్యి ఈ వాద్యానికి సరిపడలేదు, అంతే. మీకూ ఇలాంటివాళ్లు తగులుతారు. పెద్ద పేరున్నవాడు, నిజంగానే పని తెలిసినవాడు వచ్చి, మీ పాటని తన పాటలా చేసిపెడతానంటాడు. కాదనడం చాలా కష్టం, ఎందుకంటే అతను చెప్పేవన్నీ కరెక్టే ఉంటాయి.

వీళ్లు కాదన్నారు. నార్త్ కరోలినాకి చెందిన మిచ్ ఈస్టర్‌తో చేస్తామని పట్టుబట్టారు. ఈస్టర్‌కి తన తల్లిదండ్రుల ఇంటి గరాజులో స్టూడియో ఉండేది, పేరు డ్రైవ్-ఇన్. అంతకుముందు వీళ్ల 'రేడియో ఫ్రీ యూరప్' సింగిలూ (విడి పాటగా వేసే చిన్న రికార్డు), 'క్రానిక్ టౌన్' అనే ఐదు పాటల రికార్డూ అతనితోనే చేశారు. కంపెనీ, సరే, ముందు ఒక పాట చేసి చూపించండి చూద్దాం అంది. ఈస్టర్ తన మిత్రుడు డాన్ డిక్సన్‌ని కలుపుకుని 'పిల్‌గ్రిమేజ్' చేసి పంపాడు. కంపెనీ విని ఒప్పుకుంది. 1983 మొదట్లో షార్లెట్ నగరంలో రిఫ్లెక్షన్ స్టూడియోలో మిగతా ఆల్బం రికార్డయింది. మొత్తం 12 పాటలు.

నేను రోజూ క్లిక్ వాడతాను, ఆ మాట దాచను. సినిమా పాటకి, అడ్వర్టైజ్‌మెంటు జింగిల్‌కి అది లేకపోతే పని జరగదు. కానీ నలుగురు కుర్రాళ్లు ఏళ్లతరబడి ఒకే గదిలో వాయించి వాయించి సంపాదించుకున్న లయ ఒకటుంటుంది. చరణంలో ఒక పిసరు వెనక్కి లాగుతుంది, పల్లవికి వచ్చేసరికి ఒక పిసరు ముందుకు దూకుతుంది. అది తప్పు కాదు, అదే మీరు. దాన్ని సరిచేయమని నా దగ్గరికి వచ్చిన బ్యాండ్లని నేను ఒకసారి ఆలోచించుకోమని వెనక్కి పంపిన సందర్భాలున్నాయి. కొందరు వేరే స్టూడియోకి వెళ్లిపోయారు. అది వేరే సంగతి.

తర్వాత గొంతు. దీని మీద మన దగ్గర పెద్ద పేచీ వస్తుందని నాకు తెలుసు. ఈ ఆల్బంలో స్టైప్ ఏం పాడుతున్నాడో సగం తెలీదు. ఇంగ్లీషు వాళ్లకే తెలీదు, మనం సిగ్గుపడక్కర్లేదు. గొణుగుతున్నట్టు ఉంటుంది, మిక్స్‌లో, అంటే అన్ని ధ్వనుల్నీ కలిపేటప్పుడు, గొంతుని వాద్యాల మధ్యకి నెట్టారు. ఆల్బంతో పాటు సాహిత్యం అచ్చు వేయలేదు. ఘంటసాల గారి ఉచ్చారణ విని పెరిగిన చెవులు మనవి. ఒత్తు తప్పితే ఊరుకోం, 'శ'కి 'స' పలికితే లేచి నిలబడతాం. అలాంటివాళ్లం ఇదెందుకు వినాలి?

మన ఉత్తరాంధ్రలో తప్పెటగుళ్లు చూసినవాళ్లు ఎంతమంది ఉన్నారిక్కడ? చాలామందే. రొమ్ముకి రేకు తప్పెట కట్టుకుని, కాళ్లకి గజ్జెలతో గుండ్రంగా తిరుగుతూ పాడతారు. తాళం ముదిరి ఊపు అందుకున్నాక, ఆ తప్పెట్ల చప్పుడులో, గజ్జెల మోతలో మాటలు ఎన్ని వినబడతాయి? కథ మధ్యలో తెగిపోయిందని ఎవరైనా లేచి వెళ్లిపోవడం నేను చూడలేదు. అప్పటికి గొంతు కూడా తప్పెట్లలో కలిసి ఇంకో తప్పెట అయిపోతుంది. స్టైప్ గొంతుని నేను అలా వింటాను. ఒక్కో మాట పైకి తేలుతుంది, మళ్లీ మునిగిపోతుంది. తేలిన మాటని మనం పట్టుకుంటాం, మిగతాది మన బుర్ర కల్పించుకుంటుంది.

ఈస్టర్, డిక్సన్ ఇద్దరూ ఇక్కడ చేసిన మంచి పని, అతన్ని సరిచేయకపోవడం. స్టైప్ కంట్రోల్ రూమ్ బయట మెట్ల దగ్గర, చీకట్లో నిలబడి పాడేవాడట. సరే, అక్కడే పాడుకో అన్నారు. రెండో ఆల్బం 'రెకనింగ్' అప్పటిది ఇంకో ముచ్చట. ఒకరోజు స్టైప్ గొంతులో ఊపు రావడం లేదు. డిక్సన్ స్టూడియోలో పడి ఉన్న ఒక భక్తి పాటల రికార్డు తెచ్చి చేతిలో పెట్టాడు. స్టైప్ ఆ అట్ట వెనక అచ్చయిన ప్రచార వాక్యాలనే తన పాట బాణీలో మొదటి నుంచి చివరి దాకా పాడేశాడు. అది తర్వాత రికార్డుగా కూడా విడుదలైంది. వినండి, అట్ట మీది రాతకి కూడా గుండె కదులుతుంది. సాహిత్యం రాసేవాళ్లు నా మీద కోప్పడకండి, మీకు ఈ బ్యాండు తర్వాతి ఆల్బంలలో బోలెడు స్పష్టమైన మాటలు దొరుకుతాయి.

వాయిద్యాల గురించి రెండు ముక్కలు. బక్ రికెన్‌బ్యాకర్ గిటార్ మీద తీగల్ని ఒకేసారి గీకడు, ఒక్కొక్కటీ విడదీసి మోగిస్తాడు. అందువల్ల మధ్యలో ఖాళీ మిగులుతుంది, ఆ ఖాళీలో మిల్స్ బేస్ ఇంకో బాణీ నడుపుతుంది. 'పర్ఫెక్ట్ సర్కిల్'లో పెద్ద గ్రాండ్ పియానో మీదా, శృతి కాస్త సడలిన పాత పియానో మీదా ఒకే వరసని కలిపి వాయించారు. శృతి తేడాతో ఆ పాట వణుకుతుంది. 'వి వాక్'లో ఉరుముల్లా వినిపించేవి బిలియర్డ్స్ బంతుల చప్పుళ్లు, టేపు వేగం తగ్గించి వేశారు. డబ్బు లేని స్టూడియోల్లో బుర్ర బాగా పనిచేస్తుంది.

అట్ట చూడండి, ఇలా వెనక్కి అందించండి. ముందు అట్ట మీద నలుగురి మొహాలు లేవు. తీగలు అల్లుకుపోయిన నేల. ఆ తీగ పేరు కుడ్జు. 1876లో ఫిలడెల్ఫియా ఎగ్జిబిషన్‌కి జపాన్ నుంచి వచ్చింది. 1930లలో మట్టి కోత ఆపడానికని ప్రభుత్వమే దక్షిణ రాష్ట్రాల్లో నాటించింది. తర్వాత అది చెట్లనీ, కరెంటు స్తంభాలనీ, పాడుబడ్డ ఇళ్లనీ మింగేసింది. మన చెరువుల్లో గుర్రపు డెక్క సంగతి తెలిసినవాళ్లకి వేరే వివరించక్కర్లేదు. వెనక అట్ట మీద ఏథెన్స్‌లోని పాత చెక్క రైలు వంతెన. అప్పుడెవరూ పట్టించుకోని ఆ వంతెనని తర్వాత కూల్చబోతే అభిమానులు అడ్డుపడ్డారు.

అమెరికా దక్షిణ రాష్ట్రాలంటే పోస్టుకార్డు మీద మాగ్నోలియా పూలు వేస్తారు. వీళ్లు ఊరివాళ్లకి మాత్రమే తెలిసిన కలుపు మొక్కని వేశారు. మీ ఆల్బం అట్ట మీద డాల్ఫిన్స్ నోస్, జలాంతర్గామి మ్యూజియం, కైలాసగిరి రోప్‌వే వేద్దామని ఇప్పటికే మాట్లాడుకుంటున్నారని విన్నాను. వేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ వన్‌టౌన్‌లో ఎవరి మేడ మీదికైనా ఒకసారి ఎక్కి చూడండి. పొద్దున ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి ఏ రంగులో ఉంటుందో, దాన్ని తీసేముందు ఆ ఇంటావిడ ఎలా దులుపుతుందో చూడండి. రేవు నుంచి వచ్చే బొగ్గు దుమ్ము కాలర్ మడతలో నల్లటి గీతలా మిగిలిపోతుంది. అది ఏ టూరిస్టుకీ తెలియని విశాఖపట్నం. ఫోటోకి బాగుంటుందో లేదో మీరే చెప్పాలి.

మరి ఆడిందా అంటారా? అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక వేసే ఆల్బం పట్టికలో 36వ స్థానం దాకా వెళ్లింది. 'రేడియో ఫ్రీ యూరప్' సింగిల్ 78 దగ్గర ఆగింది. రోలింగ్ స్టోన్ పత్రిక మాత్రం దాన్ని 1983కి ఉత్తమ ఆల్బంగా ఎంచింది. మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' ప్రపంచమంతా మోగిపోతున్న సంవత్సరం అది. అమ్మకాల్లో గోల్డ్ సర్టిఫికెట్ రావడానికి 1991 దాకా ఆగాల్సి వచ్చింది. 1983 అక్టోబరులోనే డేవిడ్ లెటర్‌మన్ టీవీ షోలో మొదటిసారి దేశమంతటికీ కనిపించారు. వీడియో దొరుకుతుంది. లెటర్‌మన్ మాట్లాడటానికి వస్తే బక్, మిల్స్ జవాబులు చెబుతుంటారు, పాడినాయన వెళ్లి డ్రమ్స్ ముందు కూర్చుండిపోతాడు. ఆ రోజు రెండో పాటగా, పేరు కూడా పెట్టని కొత్త పాట వాయించారు. హిట్టు అడిగిన చోట ఇంకా పచ్చిగా ఉన్న పాట. మీరు చేస్తారా? మీ మేనేజర్ చేయనిస్తాడా?

ఒక్క విషయం మిగిలింది, ఇది డబ్బు సంగతి కాబట్టి బ్యాండ్ల వాళ్లు బాగా వినండి. ఆల్బంలో పాటలు రాసింది ఎవరంటే బెర్రీ, బక్, మిల్స్, స్టైప్. నలుగురి పేర్లూ, ఇంటిపేరు అక్షరక్రమంలో. బాణీ ఎవరిది, మాట ఎవరిది అన్న లెక్క లేదు, వచ్చేది నలుగురికీ సమానం. మన దగ్గర బ్యాండ్లు ఎందుకు విడిపోతాయో మీకు నాకంటే బాగా తెలుసు. బెర్రీ 1997లో ఆరోగ్యం, అలసట కారణంగా తప్పుకున్నాడు. మిగతా ముగ్గురూ 2011లో తామే ఆపేశారు. కోర్టుకి ఎక్కలేదు, ఒకరి మీద ఒకరు పుస్తకాలు రాసుకోలేదు. 2024లో ఒక సన్మాన సభలో నలుగురూ మళ్లీ కలిసి ఒక్క పాట వాయించారు. అందుకని మీరు స్టూడియో బుక్ చేసే ముందు ఒక తెల్లకాగితం తీసుకుని ఎవరి వాటా ఎంతో రాసి, అందరూ సంతకాలు పెట్టండి. స్నేహితుల మధ్య కాగితాలెందుకు సార్ అంటారు. స్నేహితులు కాబట్టే.

నేనిక ఆపుతాను. ఈ గదిలో స్పీకర్లు అంత గొప్పవి కావు, ఎడమవైపుది కాస్త గరగరమంటోంది, ఓర్చుకోండి. ముందు 'పిల్‌గ్రిమేజ్' వేస్తున్నాం, కంపెనీని ఒప్పించిన పాట. మొదటిసారి గొంతుని వదిలేసి బేస్ గిటార్ వెంట వెళ్లండి. రెండోసారి డ్రమ్స్. ఆ తర్వాత 'పర్ఫెక్ట్ సర్కిల్'. ప్రశ్నలు రెండు పాటలూ అయ్యాక తీసుకుంటాను. టీ కింద ఉంది.