లా ఎలక్టివ్‌లు: ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం. లా కోర్సులో ఎలక్టివ్‌ల గురించి, అంటే మనం ఎంచుకునే సబ్జెక్టుల గురించి, మీ సందేహాలకు మేడమ్ సమాధానం చెబుతారు. హలో, మాట్లాడండి.

శ్రోత: నమస్తే మేడమ్. నేను రెండు ఎలక్టివ్‌లు తీసుకోవాలి. ఇంటర్నేషనల్ ఆర్బిట్రేషన్, కాపీరైట్ నచ్చాయి. సీనియర్లేమో టాక్స్ తీసుకో, ఉద్యోగాలొస్తాయి అంటున్నారు.

మేడమ్: సీనియర్ల మాట కాసేపు పక్కన పెట్టమ్మా. మూడింటి సిలబస్ తీసి, మార్కులు ఎలా పంచారో చూడు. రెండిట్లోనూ రీసెర్చ్ పేపరే ఉంటే రెండు గడువులూ సెమిస్టర్ చివర్లోనే వచ్చి పడతాయి. ఒకదాంట్లో పేపరు, ఒకదాంట్లో పరీక్ష ఉంటే ఊపిరాడుతుంది. ఆ సబ్జెక్టు వచ్చే సెమిస్టర్‌లో మళ్లీ ఉంటుందో లేదో ఆఫీసులో అడుగు. కాంట్రాక్ట్ చట్టం గట్టిగా వచ్చా?

శ్రోత: అంతంత మాత్రమే మేడమ్.

మేడమ్: అయితే ముందు దాన్ని తిరగెయ్యి. ఆర్బిట్రేషన్ అంటే కోర్టు బయట మధ్యవర్తి తీర్పు చెప్పడం, అది నడిచేదే ఒప్పందం మీద. తర్వాత 1958 న్యూయార్క్ కన్వెన్షన్ చదువు, విదేశీ ఆర్బిట్రేషన్ తీర్పుల అమలు మీద దేశాల మధ్య ఒప్పందం అది, మొత్తం 16 ఆర్టికల్సే. అసలు పట్టు 5వ ఆర్టికల్ దగ్గరుంది. అవార్డు, అంటే ఆర్బిట్రేటర్ ఇచ్చిన తీర్పు, దాని అమలును కోర్టు నిరాకరించడానికి అందులో ఏడు కారణాలున్నాయి. అయిదింటిని అమలు వద్దన్న పార్టీయే రుజువు చెయ్యాలి. మిగతా రెండు, అంటే ఆ వివాదం అసలు ఆర్బిట్రేషన్‌కి పనికిరాకపోవడం, అమలు ఆ దేశపు పబ్లిక్ పాలసీకి (మౌలిక న్యాయసూత్రాలకి) విరుద్ధం కావడం, వీటిని కోర్టు తనంతట తానే చూడొచ్చు. చాలామంది ‘ఆర్బిట్రేటర్ చట్టాన్ని తప్పుగా అర్థం చేసుకున్నాడు’ అని పేజీలు నింపుతారు. ఆ ఏడింట్లో అది లేనే లేదు, మార్కులు పోయేది అక్కడే.

వ్యాఖ్యాత: ఇంకో కాల్. చెప్పండి.

శ్రోత: మేడమ్, ఓపెన్ బుక్ పరీక్షలో పుస్తకం ఎదురుగా ఉన్నా టైం చాలట్లేదు.

మేడమ్: పుస్తకం ఉంది కదా అని వెతుకుతూ కూర్చుంటావు, అందుకే బాబూ. నోట్సుకి ముందు రెండు పేజీల సూచిక రాసుకో. కేసుల పేర్ల వరసలో వద్దు, సమస్యల వరసలో రాయి. ‘నోటీసు ఇవ్వలేదు: 14వ పేజీ’ ఇలా. రెండు గంటల్లో మూడు ప్రశ్నలైతే ఒక్కోదానికి 40 నిమిషాలు. పది నిమిషాలు ప్రశ్న చదివి పాయింట్లు రాసుకో, 25 నిమిషాలు రాయి, 5 నిమిషాలు చేతిలో ఉంచుకో. నియమం రెండు వాక్యాల్లో చెప్పి, ప్రశ్నలో ఇచ్చిన సంగతులకి దాన్ని అన్వయించు. నోట్సు దించేస్తే ఏం లాభం, అది దిద్దేవాళ్లకీ తెలుసు!

వ్యాఖ్యాత: చివరి కాల్.

శ్రోత: కాపీరైట్ పేపర్‌కి ‘కృత్రిమ మేధ, కాపీరైట్’ అని టాపిక్ ఇచ్చాను. 3,000 పదాలు.

మేడమ్: అది టాపిక్ కాదమ్మా, లైబ్రరీలో ఒక అర. ప్రశ్నగా మార్చు: కృత్రిమ మేధకి ప్రాంప్ట్, అంటే ఏం చెయ్యాలో ఆదేశం, రాసిన మనిషిని రచయిత అనొచ్చా? ఒక్క దేశపు చట్టానికి కట్టుబడు. కాపీరైట్ మీద దేశాల మధ్య ఒప్పందమైన బెర్న్ కన్వెన్షన్ రచయిత జీవితకాలం, ఆపైన కనీసం 50 ఏళ్లు రక్షణ ఇస్తుంది గానీ ‘రచయిత’ అంటే ఎవరో నిర్వచించలేదు. నీ వాదన అక్కడ మొదలవ్వాలి. ఉన్న చట్టం చెప్పడానికి 900 పదాలు దాటకు, సగం నీ వాదనకే ఉంచు. ఫుట్‌నోట్లు పదాల లెక్కలోకి వస్తాయో రావో ముందే అడుగు.

శ్రోత: ఎలక్టివ్ నచ్చకపోతే మధ్యలో మానేయొచ్చా?

మేడమ్: మానేయొచ్చు, కానీ విత్‌డ్రా గడువు తేదీ దాటితే మార్కుల జాబితాలో అది కనబడుతుంది, ఫీజు కూడా తిరిగి రాకపోవచ్చు. ఆ తేదీ ఇవాళే చూసుకో.