కమర్షియల్ ఇన్సూరెన్స్‌లో రెండు నెలల ఇంటర్న్‌షిప్: ఒక విద్యార్థిని రివ్యూ

నమస్కారం. ఫోన్ల మీద, బైకుల మీద రివ్యూలు మీరు చాలానే చూసి ఉంటారు. ఈ వీడియోలో నేను రివ్యూ చేయబోతున్నది ఒక ఇంటర్న్‌షిప్‌ను. ఎంబీఏ చివరి సెమిస్టర్‌లో భాగంగా ఫిబ్రవరి, మార్చి నెలలు హైదరాబాద్‌లోని ఒక ఇన్సూరెన్స్ బ్రోకింగ్ సంస్థలో, ఫ్యాక్టరీలకూ గోదాములకూ బీమా చూసే కమర్షియల్ విభాగంలో పనిచేశాను. మెచ్చుకోవలసినవాటితో పాటు తప్పుపట్టవలసినవీ చెప్పబోతున్నాను కనుక సంస్థ పేరు చెప్పడం లేదు. ఖాతాదారుల లెక్కలు కూడా మార్చి చెబుతున్నాను.

ఇన్సూరెన్స్‌లో చేరుతున్నానని చెప్పగానే మా మేనమామ నవ్వి, "అయితే ఇక మా అందరి చేతా పాలసీలు కట్టిస్తావన్న మాట" అన్నారు. మీలో చాలామందికి కూడా అదే సందేహం ఉండవచ్చు. ఈ రెండు నెలల్లో నేను ఒక్క పాలసీ కూడా ఎవరికీ అమ్మలేదు, అమ్మమని నన్ను ఎవరూ అడగలేదు. ఏజెంటు బీమా కంపెనీ తరఫున పనిచేస్తాడు. బ్రోకరు ఖాతాదారు తరఫున నిలబడి, ఆయన ఆస్తి వివరాలన్నీ ఒక పత్రంలో పేర్చి, నాలుగైదు కంపెనీలకు పంపి, ఎవరు ఏ రేటుకు ఏ షరతులతో ఒప్పుకుంటారో కనుక్కొని వస్తాడు. ఆ పత్రాన్ని కోట్ స్లిప్ అంటారు. దాన్ని చదివి రేటు నిర్ణయించే వ్యక్తి అండర్‌రైటర్. నా ఇంటర్న్‌షిప్ దాదాపు మొత్తం ఆ కోట్ స్లిప్ చుట్టూనే తిరిగింది.

హైదరాబాద్‌లో చేరితే ఈ రంగం నడిబొడ్డున ఉంటామని నేను ఊహించుకున్నాను. నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కేంద్ర కార్యాలయం ఇక్కడే, నానక్‌రామ్‌గూడలో ఉంది. అయితే 1973లో సాధారణ బీమా జాతీయమైనప్పుడు ఏర్పడిన నాలుగు ప్రభుత్వ కంపెనీల కేంద్ర కార్యాలయాలు ముంబయి, కోల్‌కతా, ఢిల్లీ, చెన్నైలలో ఉన్నాయి. ప్రైవేటు కంపెనీలలో చాలావాటి పెద్ద నిర్ణయాలు కూడా ముంబయి నుంచే వస్తాయి. అందువల్ల పెద్ద ఫైలు ఏదైనా సరే, మేము మెయిల్ పంపి జవాబు కోసం కూర్చోవలసిందే.

మొదటి రెండు వారాల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. శిక్షణ అన్న పేరుతో పాత పాలసీల పీడీఎఫ్‌లు ఇచ్చి చదువుకోమన్నారు. ల్యాప్‌టాప్ ఇద్దరు ఇంటర్న్‌లకు ఒకటే. మమ్మల్ని చూసుకోవలసిన మేనేజరు ఎవరో తేలడానికే ఎనిమిది రోజులు పట్టింది. మూడో వారంలో నేను ఒక తప్పు చేశాను, నిజమైన శిక్షణ అక్కడి నుంచి మొదలైంది.

వరంగల్ దగ్గరి ఒక పత్తి జిన్నింగ్ మిల్లు (పత్తి నుంచి గింజలు వేరుచేసే మిల్లు) పాలసీని ఏప్రిల్ 1న రెన్యూవల్ చేయవలసి ఉండగా, కోట్ స్లిప్ తయారు చేసే పని నాకు అప్పగించారు. యంత్రాల విలువ ఎంత వేయాలో తెలియక, కామర్స్ విద్యార్థిని కదా అన్న ధైర్యంతో, మిల్లు బ్యాలెన్స్ షీటు తెరిచి, తరుగుదల పోగా మిగిలిన విలువ 2 కోట్ల 40 లక్షలు ఉంటే అదే అంకె వేశాను. మా సీనియర్ దాన్ని చూసి అరవలేదు. కాగితం తీసుకొని, అవే యంత్రాలను ఈ రోజు కొత్తగా కొనాలంటే 6 కోట్లు అవుతాయని రాసి, రేపు కోటి రూపాయల నష్టం జరిగితే కంపెనీ ఎంత ఇస్తుందో చెప్పమన్నారు. కోటి అన్నాను. 40 లక్షలు అన్నారు. బీమా చేసిన మొత్తం అసలు విలువలో 40 శాతమే కనుక, నష్టంలోనూ 40 శాతమే చేతికి వస్తుంది. మిగిలింది యజమాని తన జేబులో నుంచి పెట్టుకోవాలి. దీన్ని యావరేజ్ క్లాజ్ అంటారు. పాఠ్యపుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను, మార్కులూ వచ్చాయి. అయినా ఆ అంకె వేసేటప్పుడు అది గుర్తుకు రాలేదు.

ఇక్కడ ఒక ఊరట ఉంది. ఒకే చోట ఉన్న ఆస్తి విలువ 5 కోట్లు దాటి 50 కోట్ల లోపు ఉన్న సంస్థలకు 2021 ఏప్రిల్ నుంచి భారత్ లఘు ఉద్యమ్ సురక్ష అనే ప్రామాణిక పాలసీ వచ్చింది. 5 కోట్ల లోపు వాటికి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష ఉంది. వీటిలో విలువ 15 శాతం వరకు తక్కువగా చూపినా క్లెయిములో కోత పెట్టరు. నేను చూపిన కొరత 60 శాతం కాబట్టి ఆ ఊరట నన్ను కాపాడేది కాదు.

ఆ మరుసటి వారం అదే మిల్లుకు రిస్క్ ఇన్‌స్పెక్షన్‌కు వెళుతూ నన్నూ తీసుకువెళ్ళారు. ఇంటర్న్‌షిప్ మొత్తంలో ఈ ఒక్క రోజుకే నేను పూర్తి మార్కులు వేస్తాను. ఫిబ్రవరి కావడంతో సీజన్ ఇంకా నడుస్తోంది. యార్డులో పత్తి కుప్పలు మనిషికి రెండింతల ఎత్తున ఉన్నాయి. మా వెంట వచ్చిన ఇంజనీరు టేపు కూడా తీయకుండా కుప్పకూ కుప్పకూ మధ్య అడుగులు కొలుచుకుంటూ నడిచారు. పైన కరెంటు తీగ వెళుతున్నచోట ఆగి ఫోటో తీసుకున్నారు. పత్తిలో కలిసి వచ్చిన చిన్న రాయో ఇనుప ముక్కో జిన్ను రోలర్‌లో పడితే నిప్పు రవ్వ పుడుతుందని, అది నొక్కి కట్టిన దూది మూట, అంటే బేలు లోపలే రోజుల తరబడి రాజుకొని ఆ తరువాత బయటపడవచ్చని ఆయన చెబుతుంటే, నేను అనుకోకుండా ఆనుకొని నిలబడిన బేలు నుంచి పక్కకు జరిగాను. ఎర్ర రంగు ఇసుక బకెట్లు వరుసగా ఉన్నాయి, వాటిలో రెండింటిలో మాత్రం ఇసుకకు బదులు పాన్ ఉమ్ములు ఉన్నాయి. ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ట్యాగు మీద గడువు ఎప్పుడో ముగిసింది.

యజమాని పెద్దాయన. విలువ పెంచాలని, దానితో పాటు ప్రీమియం పెరుగుతుందని మా సీనియర్ చెప్పగానే ఆయన నా వైపు తిరిగి, "చూడు బిడ్డా, ఇరవై ఏండ్ల సంది కడుతున్న, ఒక్క రూపాయి తిరిగి రాలే" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. మా సీనియర్ మాత్రం, "రాకపోవడమే మంచిది సార్" అని, 40 లక్షల లెక్కను ఆయన ముందు మళ్ళీ వేసి చూపించారు. ఆయన చాలాసేపు ఆ కాగితాన్నే చూశారు.

టీ తాగుతుండగా మిల్లు గుమస్తా మాటల్లో మాటగా, ఈ సీజనులో చోటు చాలక రోడ్డు అవతల ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నామని, బేళ్ళలో సగం అక్కడే ఉన్నాయని చెప్పారు. ఆ షెడ్డు చిరునామా పాలసీలో లేదు. నేను తయారు చేసిన స్లిప్పులోనూ లేదు, ఎందుకంటే నేను నిరుటి స్లిప్పును చూసి రాశాను. సరుకు అదే, యజమాని ఆయనే, మధ్యలో ఉన్నది ఒక రోడ్డు. కానీ పాలసీ షెడ్యూలులో రాసిన చిరునామాకే బీమా వర్తిస్తుంది. తిరుగు ప్రయాణంలో మా సీనియర్ 2024 సెప్టెంబరు నాటి విజయవాడ వరదలను గుర్తు చేశారు. బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, వరదకు కవరేజీ ఉండి కూడా, సరుకును పాలసీలో చూపని గోదాములోకి మార్చిన కారణంగా ఆయనకు తెలిసిన ఒక వ్యాపారి క్లెయిము నిలిచిపోయిందట. మర్నాడు ఆఫీసుకు వెళ్ళి, రెన్యూవల్ దాకా ఆగకుండా, ఆ షెడ్డును చేర్చమని ఎండార్స్‌మెంట్ (అమల్లో ఉన్న పాలసీలో మార్పు) కోరుతూ మెయిల్ రాయడం నా మొదటి పని అయింది.

ఏప్రిల్ 1 రెన్యూవళ్ళ హడావిడి ఉండే మార్చి చివరి వారం గురించి విన్న దానికన్నా ఎక్కువే చూశాను. కట్టవలసిన ప్రీమియం ముందుగా చేరనిదే బీమా కంపెనీ బాధ్యత తీసుకోకూడదని 1938 నాటి ఇన్సూరెన్స్ చట్టంలోని 64వీబీ సెక్షన్ చెబుతుంది. అందువల్ల "రేపు పంపుతాలెండి" అనే మాట 31వ తేదీన చెల్లదు. ఆ సాయంత్రం మా గదిలో ఎక్కువగా వినిపించిన మాట "యూటీఆర్ వచ్చిందా?" అన్నదే, బ్యాంకు బదిలీకి వచ్చే ఆ నంబరును అండర్‌రైటర్‌కు పంపితే తప్ప ఫైలు కదలదు. జిన్నింగ్ మిల్లు యూటీఆర్ రాత్రి 9:40కి వచ్చింది. స్లిప్పులో యంత్రాల విలువ 6 కోట్లు, చిరునామాలు రెండు.

ఇక మార్కుల విషయం. ఐదుకు మూడున్నర ఇస్తున్నాను. కోసిన ఒకటిన్నరలో ఒకటి ఆ మొదటి రెండు వారాలకు. మిగిలిన అర క్లెయిముల విభాగంలోకి మమ్మల్ని అడుగు పెట్టనివ్వనందుకు. నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్ ఇచ్చే నివేదికలు గోప్యమన్నది నిజమే అయినా, పేర్లు చెరిపేసిన ఒక్క పాత నివేదికనైనా చూపించి ఉంటే, మేము రాసే స్లిప్పు చివరికి ఎవరి చేతిలో ఎలా పరీక్షకు నిలుస్తుందో అర్థమయ్యేది. నెలకు ఇచ్చిన 10 వేల స్టైపెండ్ హాస్టలుకూ మెట్రోకూ సరిపోయింది, అంతకు మించి మిగల్లేదు.

గణితం అంటే భయం ఉన్నవారు ఆగిపోనవసరం లేదు. గుణకారం, భాగహారం, ఎక్సెల్‌లో ఓపిక చాలు. ఫోన్లో అపరిచితులతో మాట్లాడటం ఇష్టం లేనివారికి మాత్రం ఇది కష్టమవుతుంది, ఎందుకంటే కావలసిన వివరాల్లో సగం ఏ ఫైలులోనూ ఉండవు, గుమస్తా నోట్లోనే ఉంటాయి. ఇంటర్వ్యూలో మీరు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది: సైట్ విజిట్‌కు ఇంటర్న్‌లను తీసుకువెళతారా? లేదన్నారంటే వేరే సంస్థను చూసుకోండి. మీ కాలేజీ ఒప్పుకుంటే మే, జూన్ నెలల్లో కాకుండా నాలాగా ఫిబ్రవరి, మార్చిలలో చేరండి. ఏప్రిల్ 1 రెన్యూవళ్ళ హడావిడి దాటాక ఆఫీసులో ఇంటర్న్‌లకు దొరికేది మళ్ళీ ఆ పీడీఎఫ్‌లే.