మేడమీద ఖరహరప్రియ, పక్కన జాజ్

[తెర మీద: తిరుపతి బైరాగిపట్టెడలో ఒక మేడమీది గది. గోడకు ఆనించిన గిటార్, జంపఖానా మీద మృదంగం. ఎక్కడో సన్నటి రొద.]

ఈ రొద వినపడుతోందా? మా ఫ్రిజ్ అది. పోయిన మే నెలలో ఈ గదిలోనే కర్ణాటక సంగీతాన్నీ జాజ్‌నూ కలిపి చిన్న కచేరీ పెట్టుకున్నాం. గాత్రం, మృదంగం, గిటార్, శాక్సఫోన్. వినేవాళ్లు పాతికమంది. మైకు లేదు.

పాడే ఆయనది ఒకటిన్నర శ్రుతి, అంటే ఆయన షడ్జమం ('స') ఎంత ఎత్తున ఉంటుందో చెప్పే కొలత. తంబురా యాప్ పెట్టగానే ఏదో తేడా కొట్టింది. మన కరెంటు 50 హెర్ట్జ్ (సెకనుకు 50 కంపనాలు) కాబట్టి ఫ్రిజ్ లాంటివి దానికి రెట్టింపు, 100 దగ్గర రొద చేస్తాయి. ఒకటిన్నర శ్రుతికి కింది పంచమం ('ప') దాదాపు 104. అంటే మా ఫ్రిజ్ రాత్రీపగలూ పంచమాన్ని కాస్త తగ్గించి పాడుతోందన్నమాట! స్విచ్ తీసేశాం. ఏసీ కూడా వద్దన్నారు మృదంగం మాస్టారు. చల్లగాలికి చర్మం బిగువు మారి శ్రుతి కదిలిపోతుందట. తిరుపతిలో, మే నెలలో!

తీసేయాల్సినవి ఇంకా ఉన్నాయని తర్వాత తెలిసింది.

[కీబోర్డు మీద చేయి.]

కీబోర్డు మీద డి నుంచి పై డి దాకా తెల్ల మెట్లు మాత్రమే వాయించండి. డి ని షడ్జమం అనుకుంటే వచ్చేది కర్ణాటక సంగీతంలోని మూల రాగాల్లో (మేళకర్తల్లో) 22వది, ఖరహరప్రియ స్వరాలు. జాజ్ వాళ్లు దీన్ని డోరియన్ అంటారు. 1959లో జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ రికార్డు చేసిన 'సో వాట్' నడిచేది ఇందులోనే. మేమూ అదే ఎత్తుకున్నాం. మొత్తం 32 బార్లు, బార్ అంటే ఇక్కడ నాలుగు దెబ్బల చుట్టు. మొదటి 16 ఇదే స్థాయిలో ఉంటాయి. తర్వాతి 8 బార్లకు మొత్తం అర స్వరం పైకి జరుగుతుంది. చివరి 8 మళ్లీ కిందికి.

జాజ్ చెవికి ఆ జరగడంలోనే రుచి. కానీ కింద తంబురా మోగుతూ ఉంటే? షడ్జమం కదలదు కదా. ఆ 8 బార్లు పంటికింద రాయిలా తగిలాయి. గిటార్ అబ్బాయి రెండుమూడు సార్లు ప్రయత్నించి ఆ భాగాన్నే వదిలేశాడు. కార్డ్‌లు (ఒకేసారి మోగించే స్వరాల గుత్తులు) మార్చడం మానేసి ఒక్క షడ్జమం చుట్టూ తిరిగాడు. జాజ్ వాయించేవాడికి అది చిన్న త్యాగం కాదు.

కీబోర్డునూ పక్కన పెట్టేశాం. ఖరహరప్రియలో గాంధారాన్ని ('గ') మనవాళ్లు ఊపి పాడతారు. కీబోర్డు మెట్టు ఊగదు. గిటార్ తీగను లాగొచ్చు, శాక్సఫోన్‌లో పెదవితో జారొచ్చు. శాక్సఫోన్ మీద గమకాలు, అంటే ఈ ఊపులూ జారుళ్లూ, పలుకుతాయని కద్రి గోపాల్‌నాథ్ మన కచేరీ వేదికల మీదే చూపించారు.

[మాస్టారి చేతులు, దగ్గరగా.]

ఇక తాళం. డేవ్ బ్రూబెక్ బృందం వాయించిన 'టేక్ ఫైవ్', పాల్ డెస్మండ్ కట్టింది, అయిదు దెబ్బల్లో ఉంటుంది. మనకు అయిదు దెబ్బల తాళం ఖండచాపు ఉంది కదా, ఇంకేం అనుకున్నాం. అరగంట గొడవ! ఖండచాపు తక తకిట, అంటే 2, 3. 'టేక్ ఫైవ్' తకిట తక, అంటే 3, 2. లెక్క అయిదే, విరుపు వేరు. ఎవరి సమం (తాళం మొదలయ్యే చోటు) వాళ్లకే ఉంది, కలిసేది మాత్రం లేదు.

మర్నాడు మాస్టారు వస్తూనే తొడ మీద దరువేసుకుంటూ, "రాత్రంతా ఇదే నాయనా, నిద్ర లేదు" అన్నారు. నడక తిరగేశారు. "నా బొటనవేలు చూడు, నీకు ఎక్కడ పడాలో తెలుస్తుంది." గిటార్ అబ్బాయి, "సరే మాస్టారూ" అని కాగితం మడిచేశాడు.

నన్నడిగితే రెండూ నిజంగా కలిసింది స్వరాల్లో కాదు, వంతులు వేసుకోవడంలో. తని ఆవర్తనంలో, అంటే కచేరీలో తాళవాద్యాలకే వదిలే భాగంలో, మృదంగం, ఘటం ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటూ వంతును తగ్గించుకుంటూ పోతాయి. ఎనిమిది, నాలుగు, రెండు, ఒకటి. దాన్నే కొరైప్పు అంటారు. జాజ్‌లో నాలుగు బార్లు ఒకరు, నాలుగు బార్లు ఇంకొకరు. ఇక్కడ ఎవరూ ఎవరికీ ఏమీ నేర్పాల్సిన పని లేకపోయింది. మృదంగం ఒక మాట అంటే శాక్సఫోన్ దాన్నే వంకరగా తిప్పి అనేది. జనం నవ్వేశారు. 1970లలో జాన్ మెక్‌లాఫ్లిన్, ఎల్. శంకర్, జాకిర్ హుస్సేన్, వినాయకరామ్ 'శక్తి' అనే బృందంగా కూర్చున్నప్పుడూ అసలు బలం ఈ మాటామాటే. వెనక డ్రమ్స్ మోత, ముందు ఒక కీర్తన పెట్టి ఫ్యూజన్ అనేవాటిలో నాకు దొరకనిది కూడా ఇదే.

శాక్సఫోన్ ఒక్కటే ఇబ్బంది పెట్టింది. చిన్న గదిని మింగేస్తుంది. బట్టల బీరువా తలుపులు బార్లా తెరిచి, వాయించే ఆయన్ను అటు తిప్పి నిలబెట్టాం. మా అమ్మ పట్టుచీరలు సగం మోతను పీల్చుకున్నాయి.

"అన్నమయ్య ఊళ్లో శాక్సఫోనేంట్రా?" అన్నారు పెదనాన్న. రాగిరేకుల మీద ఉన్నది సాహిత్యం, రాగం పేరే పెదనాన్నా, స్వరం లేదు అన్నాను. మనం వినే వరుసలు చాలావరకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి లాంటివాళ్లు పోయిన శతాబ్దంలో కట్టినవే. ఆయన ఒప్పుకోలేదు. వచ్చి ముందు వరసలో మాత్రం కూర్చున్నారు.

[ఖాళీ గది. చుట్టిన జంపఖానా. ఫ్రిజ్ తలుపు.]

గుగ్గిళ్లు, పులిహోర అయిపోయి అందరూ వెళ్లేసరికి పదకొండు. ఆ సంబరంలో ఫ్రిజ్ స్విచ్ సంగతి ఎవరికీ గుర్తులేదు. పొద్దున కాఫీకి పాలు పొయ్యి మీద పెడితే విరిగిపోయాయి.