మొహమ్మద్ సాదిక్: పేరు మార్చుకోని పాటగాడు

హోస్ట్: అందరికీ నమస్కారం. మా ఊళ్ళో వరి కోతలప్పుడు పంజాబ్ నుంచి హార్వెస్టర్లు వచ్చేవి. రాత్రిళ్ళు ఆ డ్రైవర్లు మిషన్ పక్కనే రొట్టెలు కాల్చుకుంటూ టేప్ పెట్టేవాళ్ళు. మగ గొంతు ఒక మాట విసురుతుంది, ఆడ గొంతు దానికి జవాబు చెబుతుంది, మధ్యలో ఒంటి తీగ టుంగు టుంగుమంటుంది. భాష రాకపోయినా నేను గట్టు మీద కూర్చుని వినేదాన్ని. అలాంటి జంట పాటలకు పెద్ద పేరైన మొహమ్మద్ సాదిక్ గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. మా బాబాయ్ గుంటూరులో అడ్వకేట్. సాదిక్ పాట వినకముందే ఆయన ఎన్నిక మీద వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు చదివారు. కదా బాబాయ్?

బాబాయ్: అవునమ్మా. తీర్పు చదివాక పాటలు వెతుక్కుని విన్నాను. విన్నాక తీర్పు ఇంకా బాగా అర్థమైంది.

హోస్ట్: ముందు ఊరి నుంచి మొదలుపెడదాం. సాదిక్‌ది పంజాబ్‌లో మలేర్‌కోట్లా దగ్గర కుప్ కలాన్. 1947లో తూర్పు పంజాబ్ నుంచి ముస్లింలు దాదాపు అందరూ పాకిస్తాన్ వెళ్ళిపోయారు కదా. సాదిక్ వాళ్ళు ఎలా ఉండిపోయారు?

బాబాయ్: ఆ ప్రాంతం కథే వేరమ్మా. సిక్కుల పదో గురువు గురు గోవింద్ సింగ్ చిన్న కొడుకులిద్దరినీ సర్‌హింద్‌లో గోడలో పెట్టి చంపమన్నప్పుడు, మలేర్‌కోట్లా నవాబు షేర్ మొహమ్మద్ ఖాన్ ఆ పసివాళ్ళు ఏం చేశారని అడ్డు చెప్పాడు. సిక్కులు ఆ మాట మరిచిపోలేదు. 1947లో చుట్టూ ఊళ్ళు తగలబడుతుంటే మలేర్‌కోట్లా జోలికి ఎవరూ రాలేదు.

హోస్ట్: రెండున్నర శతాబ్దాల తర్వాత కూడా! వింటుంటే ఒళ్ళు జలదరిస్తోంది.

బాబాయ్: ఇక సాదిక్ పుట్టిన కులం డూమ్. పాట వాళ్ళ కులవృత్తి. పంజాబ్‌లో డూములు, మిరాసీలు పెద్ద రైతుల ఇళ్ళలో పెళ్ళికీ పురుడుకీ పాడి, వాళ్ళ వంశావళి చెప్పి, గింజలు పట్టుకెళ్ళేవాళ్ళు. మన దగ్గర వంశరాజులు ఇంటింటికీ వెళ్ళి గోత్రాలు చెప్పేవాళ్ళు చూడు, అలాగన్నమాట.

హోస్ట్: ఆ తీగ వాయిద్యం పేరు తుంబీ. ఒకటే తీగ, చూపుడు వేలితో మీటుతారు. లాల్ చంద్ యమ్లా జట్ దానికి ఊరూరా పేరు తెచ్చారు. సాదిక్ చేతిలో కూడా ఎప్పుడూ అదే. రంజీత్ కౌర్‌తో కలిసి మూడు దశాబ్దాలకు పైగా జంట పాటలు పాడారు. వీటిని దోగానా అంటారు. మొగుడూ పెళ్ళాల గొడవలు, వదినా మరుదుల సరసాలు, అన్నీ ఆ పాటల్లోనే. పెళ్ళిళ్ళలో మేడ మీద రెండు నులక మంచాలు నిలబెట్టి, వాటికి మైకు కట్టి రికార్డులు వేసేవాళ్ళట. ఊరంతా వినాల్సిందే. పొలాల్లో, మేళాల్లో బహిరంగంగా పాడే ప్రోగ్రామ్‌ని అఖాడా అంటారు. ఇంకో పేరున్న జంట పాటల గాయకుడు అమర్ సింగ్ చమ్‌కీలా కంటే ముందే అఖాడాల్లో సాదిక్, రంజీత్ కౌర్‌ల జోరు మొదలైంది.

బాబాయ్: ఆ చమ్‌కీలానే 1988లో కాల్చి చంపారు. అలాంటి రోజులు కూడా దాటుకుని వచ్చారు సాదిక్.

హోస్ట్: ఇక ఎన్నికలు. 2012లో కాంగ్రెస్ టికెట్ మీద బర్నాలా జిల్లా భదౌర్. ఎస్సీ రిజర్వుడ్ సీటు. ఎదుట అకాలీదళ్ నుంచి దర్బారా సింగ్ గురు. మాజీ ఐఏఎస్, ముఖ్యమంత్రి ప్రకాశ్ సింగ్ బాదల్ దగ్గర ప్రిన్సిపల్ సెక్రటరీగా చేసినాయన. అంత పెద్ద అధికారి మీద పాటగాడు గెలిచాడు.

బాబాయ్: ఓడినాయన కోర్టుకెళ్ళాడు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. ముస్లింలకు లేదు. సాదిక్ 2006లోనే సిక్కు మతం తీసుకున్నానన్నారు. మరి పేరు మొహమ్మద్ సాదిక్ అనే ఉందేంటి, ఇంట్లో వాళ్ళందరూ మారలేదేంటి అని అవతలివాళ్ళ వాదన. 2015లో పంజాబ్, హర్యానా హైకోర్టు ఆ ఎన్నికను కొట్టేసింది.

హోస్ట్: జనం ఓటేసి గెలిపించిన మనిషిని పేరు చూసి దింపేస్తే ఆ మనసు ఎలా ఉండాలి బాబాయ్!

బాబాయ్: అందుకే సుప్రీంకోర్టు మాట నాకు నచ్చింది. 2016 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. మతం మారినంత మాత్రాన పేరు మార్చుకోనక్కర్లేదు, కుటుంబం మొత్తం మారాల్సిన పనీ లేదు అంది. ఈయన ఆ పేరుతోనే గాయకుడిగా జనానికి తెలుసు, అందుకే ఉంచుకున్నాడని ఒప్పుకుంది. మనిషి మతం మార్చుకోగలడు గానీ పుట్టుకతో వచ్చిన కులం మారదని కూడా చెప్పి, ఎన్నికను నిలబెట్టింది.

హోస్ట్: ఈ ప్రశ్న మన గుంటూరుకీ కొత్త కాదని మీరు అన్నారు.

బాబాయ్: కాదు. 1976లో గుంటూరు మెడికల్ కాలేజీ సీటు కేసు. తల్లిదండ్రులు క్రైస్తవంలోకి వెళ్ళిన కుర్రాడు తిరిగి హిందూ మతంలోకి వచ్చాడు. కులం వాళ్ళు కలుపుకుంటే అతను ఆ కులంవాడేనంది సుప్రీంకోర్టు. మన పల్లెల్లో ఈ టెన్షన్ మోస్తున్న కుటుంబాలు నాకు తెలుసు. సర్టిఫికెట్‌లో ఒక మతం, ఇంట్లో ఒక ప్రార్థన. వాళ్ళ ఫైళ్ళు పట్టుకున్నప్పుడల్లా నాకు సాదిక్ గుర్తొస్తాడు.

హోస్ట్: నాకు భాయ్ మర్దానా గుర్తొస్తారు. గురు నానక్ వెంట రబాబ్ అనే తీగ వాయిద్యం వాయిస్తూ ఊళ్ళు తిరిగిన ఆయన ముస్లిం మిరాసీ. 1947 దాకా స్వర్ణ దేవాలయంలో కీర్తన పాడిన రబాబీలూ ముస్లింలే. గురువుల పాట ముస్లిం పేరున్న గొంతులో పలకడం ఆ నేలకు కొత్త కాదు.

బాబాయ్: నువ్వు చెప్పింది తీర్పులో రాయాల్సిన మాటమ్మా.

హోస్ట్: సాదిక్ 2017లో జైతో నుంచి అసెంబ్లీకి నిలబడి ఓడారు. 2019లో ఫరీద్‌కోట్ ఎంపీగా, అకాలీదళ్ అభ్యర్థి గుల్జార్ సింగ్ రణీకే మీద 83,256 ఓట్ల మెజారిటీతో గెలిచారు. అప్పటికి ఎనభైకి దగ్గరపడ్డ వయసు. 2024లో పార్టీ టికెట్ వేరేవాళ్ళకిచ్చింది. అదే ఫరీద్‌కోట్‌లో ఆ ఏడాది బీజేపీ నుంచి ఇంకో గాయకుడు హన్స్ రాజ్ హన్స్, ఆప్ నుంచి నటుడు, గాయకుడు కరమ్‌జీత్ అన్మోల్ నిలబడ్డారు. ఇద్దరూ ఓడిపోయారు. ఇండిపెండెంట్ సరబ్‌జీత్ సింగ్ ఖాల్సా గెలిచారు.

బాబాయ్: పాట ఒక్కటే ఉంటే ఓట్లు రావు మరి.

హోస్ట్: నిజమే బాబాయ్. కానీ ఓటింగ్ మిషన్ మీద కూడా ఆయన పేరు రికార్డు లేబుల్ మీద ఉన్నట్టే ఉంది. మొహమ్మద్ సాదిక్.