షేరుకి పట్టుబడి ఎప్పుడు?

అందరికీ నమస్కారమండి. భోజనాల ముందు మైకిచ్చారు కాబట్టి సాగదీయను.

మన భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువు చేసినవాళ్లకి ఈసాప్, అంటే ఉద్యోగులకి కంపెనీ షేర్లు ఇచ్చే పథకం, కొత్త సంగతేమీ కాదు. చెరువు చూసే మనిషికి జీతంతోపాటు పంటలో పాలు కూడా ఇచ్చామనుకోండి, అర్ధరాత్రి నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ చప్పుడు మారినా లేచి చూస్తాడు. ఆ పాలునే కంపెనీల్లో షేరు అంటున్నారు. పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్‌గా నడుపుతున్నవాళ్లకి మాత్రం ఇది కుదరదు, అక్కడ షేర్లే ఉండవు కదా.

అయితే చెరువులో పాలుకి పట్టుబడి రోజంటూ, అంటే రొయ్యలు పట్టి అమ్మే రోజంటూ, ఒకటుంది. కాటా వేస్తాం, కిలోకి ఎన్ని రొయ్యలో కౌంటు చూస్తాం, డబ్బు చేతిలో పెడతాం. మరి షేరుకి పట్టుబడి ఎప్పుడు? ఇన్ఫోసిస్ 1994లో ఉద్యోగులకి షేర్ల పథకం పెట్టేనాటికే, అంతకు ముందేడు మార్కెట్లో లిస్టయి ఉంది. కొనేవాళ్లున్నారు. మన రొయ్యల మేత ప్లాంటు షేరు ఎవరు కొంటారండీ?

లెక్క చెప్తాను. మేనేజరుకి 1,000 ఆప్షన్లు ఇచ్చారు, అంటే తర్వాత ఒక్కో షేరు 10 రూపాయలకి కొనుక్కునే హక్కు. చట్టం ప్రకారం కనీసం ఏడాది ఆగాకే ఆ హక్కు చేతికొస్తుంది. ఎక్కువమంది దాన్ని నాలుగేళ్ల మీద విడతలుగా సర్ది ఇస్తారు. నాలుగేళ్లు గడిచాయి, షేర్లకి విలువ కట్టే మర్చంట్ బ్యాంకరు ఒక్కో షేరుకి 110 రూపాయలు కట్టాడు. మనవాడు 10,000 కట్టి షేర్లు తీసుకున్నాడు. తేడా లక్ష రూపాయలు ఆ ఏడాది జీతంలో కలుస్తుంది. 30 శాతం స్లాబులో ఉంటే సెస్సుతో 31,200 పన్ను. ఒక్క షేరూ అమ్మలేదు, చేతి నుంచి మాత్రం 41,200 పోయింది! ఇంటికెళ్లి భార్యకి ఏమని చెప్తాడు? గుర్తింపు ఉన్న కొన్ని స్టార్టప్‌లకి ఈ పన్ను వాయిదా ఉంది గానీ మనలో ఎంతమందికి వర్తిస్తుంది?

కంపెనీయే తిరిగి కొనొచ్చు. ఈ బైబ్యాక్‌కీ హద్దుంది: వాటాదారులు చెల్లించిన మూలధనం, పంచడానికి వీలున్న మిగులు లాభాలు అంటే ఫ్రీ రిజర్వులు కలిపి చూస్తే అందులో 25 శాతం దాటకూడదు, ఒకసారి కొన్నాక మళ్లీ కొనాలంటే ఏడాది ఆగాలి. అందుకే ఏ ఏడాది కొంటారో, విలువ ఎలా కడతారో, మధ్యలో మానేస్తే ఏమవుతుందో ఇచ్చేరోజే రాసివ్వండి. అంత రాయడానికి చెయ్యి రాకపోతే, నా మాట విని బోనస్ పెంచండి.

నమూనా కాగితం తెచ్చాను. కావాల్సినవాళ్లు భోజనాల దగ్గర అడగండి.